లంబసింగి, పాడేరు, అరకు సైకిల్ మీద: టెంట్, స్టవ్, తిండి ఏం పెట్టుకోవాలి?

గాజువాక గేర్లు

అందరికీ నమస్తే. డిసెంబర్ రెండో వారంలో నేనూ మా బాబాయి కొడుకూ కలిసి వైజాగ్ నుంచి నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు, ఎస్.కోట మీదుగా చుట్టి మళ్ళీ వైజాగ్ రావాలనుకుంటున్నాం. తొందరేమీ లేదు, రోజుకి 50 కిలోమీటర్లు అయినా చాలు. ఇద్దరివీ హైబ్రిడ్ సైకిళ్ళే, వెనక క్యారియర్ బిగించాం, చెరో జత పానియర్లు (క్యారియర్‌కి రెండు పక్కలా తగిలించే సంచులు) ఉన్నాయి. ఇప్పటిదాకా ఎక్కడికి వెళ్ళినా రూమ్ తీసుకుని పడుకోవడమే, టెంట్ వేసుకోవడం ఇదే మొదలు. టెంట్ ఎలాంటిది కొనాలి, లంబసింగి చలికి స్లీపింగ్ బ్యాగ్ తప్పదా, గ్యాస్ స్టవ్ అవసరమా, తేలిగ్గా వండుకునేవి ఏం పెట్టుకోవాలి, ఇవీ నా డౌట్లు. మావాడు గుడ్డు కూడా ముట్టడు, అది కూడా చూసుకుని చెప్పండి. బడ్జెట్ ఇద్దరికీ కలిపి పదిహేను వేలు. అంతకు మించితే ఇంట్లో చెప్పుకోలేం.

పాతచైను

ముందు స్టవ్ సంగతి తేల్చేద్దాం. వద్దు. స్టవ్, గ్యాస్ డబ్బా, గిన్నె, మూత, గరిటె, బియ్యం, పప్పు, నూనె, తోముకునే పీచు, అన్నీ కలిపితే మూడు కిలోలు ఇట్టే దాటుతుంది. ఆ మూడు కిలోలూ లంబసింగి ఘాట్ మీదికి ఎవరు తొక్కుతారు? నర్సీపట్నం దాకా ఊరూరా టిఫిన్ బండి ఉంది. పైన లంబసింగిలో సీజన్లో తెల్లారకముందే టీ కొట్లు తెరుస్తారు. పాడేరు, అరకు పెద్ద ఊళ్ళే. వీడియోల్లో ఎవరో కొండ మీద కూర్చుని కాఫీ కాచుకుంటుంటే చూసి సరదా పుడితే అది వేరే విషయం, కాదనను. కానీ దాన్ని అవసరం అనకండి. ఆ డబ్బు పెట్టి మంచి టైర్లు వేయించుకోండి.

మన్నెం బాట

మాది చింతపల్లి దగ్గరే. పాతచైను గారూ, లంబసింగి జంక్షన్ వరకు మీరు చెప్పింది నిజం, శని ఆదివారాలు వస్తే అక్కడ సైకిల్ నడిపించుకుంటూ పోవాల్సిందే, అంత జనం. ఆ తర్వాత చింతపల్లి నుంచి జి.మాడుగుల మీదుగా పాడేరు వెళ్ళే దారి అలా ఉండదు. మండల కేంద్రాలు దాటితే కొట్లు తక్కువ, ఉన్నవి కూడా చీకటి పడితే మూసేస్తారు. డిసెంబర్లో మాకు ఐదున్నరకే చీకటి. పొద్దున మంచు విడేసరికి ఎనిమిది, ఒక్కోరోజు తొమ్మిది. అంటే సాయంత్రం ఐదున్నర నుంచి మర్నాడు తొమ్మిది దాకా మీ తిండి మీ దగ్గర ఉండాలి. మధ్యాహ్నం భోజనం ఎలాగూ హోటల్లోనే.

టెంట్ గురించి ఒక మాట. ఎక్కడ పడితే అక్కడ వేసేయకండి. రిజర్వు ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. సాయంత్రం నాలుగున్నరకే ఏదో ఒక ఊళ్ళోకి వెళ్ళి సర్పంచినో, బడి మాస్టారినో, ఊరి పెద్దాయన్నో అడగండి, బడి వరండా చూపిస్తారు, లేదంటే ఎవరి కళ్ళమో. ఆధార్ కాపీ జేబులో ఉంచుకోండి. రాత్రిపూట పోలీసులు ఎవరు, ఎక్కడి నుంచి అని ఆరా తీయడం ఇక్కడ మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. గెడ్డ (వాగు) పక్కన చోటు చూడ్డానికి బాగుంటుంది కానీ చల్లగాలి అంతా పల్లంలోకే దిగుతుంది, తెల్లారేసరికి టెంట్ తడిసి ముద్దవుతుంది. కాస్త ఎత్తున, చెట్టు కింద వేసుకోండి. ఇంకోటి, దోమతెర లేకుండా మాత్రం రావద్దు. మా వైపు మలేరియా ఇంకా పోలేదు.

ఓరుగల్లు 38

మన్నెం బాట అన్న చెప్పినదాన్ని బట్టి చూస్తే టెంట్ ఎలాంటిదో తేలిపోయినట్టే. మేకులు కొట్టకుండా తనంతట తాను నిలబడే డోమ్ టెంట్ తీసుకోండి, లోపలి పొర, బయటి పొర విడిగా ఉండేది. బడి వరండా అంటే సిమెంటు గచ్చు, అక్కడ మేకు దిగదు. గుడి మండపమైనా అంతే. అక్కడ లోపలి పొర ఒక్కటీ నిలబెడితే అదే దోమతెర, బయటి పొర సంచిలోనే ఉంటుంది. ట్రెక్కింగ్ కర్రల మీద నిలబడే తేలికరకం టెంట్లు బరువులో సగం ఉంటాయి కానీ మన ఊళ్ళలో పడుకునే చోట్లకి అవి పనికిరావు.

ఇద్దరు పట్టే మామూలు డోమ్ రెండున్నర నుంచి మూడు కిలోలు. ఒకరు గుడ్డ, ఇంకొకరు కడ్డీలూ మేకులూ పంచుకుంటే మనిషికి కిలోన్నర. ఒకే పొర ఉన్న చవక టెంట్లు మాత్రం కొనొద్దు. చలి రాత్రి ఇద్దరి ఊపిరిలోని తేమ అంతా గుడ్డకి పట్టి మళ్ళీ మీ మీదే కారుతుంది, వాన రాకుండానే తడుస్తారు. రెండు పొరలున్నా బయటిది పూర్తిగా బిగించి మూసేయకండి, గాలి ఆడాలి. వాన ఎంత ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు, బయటి పొరకి 2000 ఉంటే డిసెంబర్లో ఏజెన్సీకి ఎక్కువే. అయితే బయల్దేరే ముందు బంగాళాఖాతంలో అల్పపీడనం ఏమైనా ఉందేమో చూసుకోండి, డిసెంబర్లోనూ వస్తాయి.

కింద పరచడానికి వేరే గ్రౌండ్ షీట్ కొనాల్సిన పని లేదు. పాత ఫ్లెక్సీ ఒకటి అడిగి తెచ్చుకోండి. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే నాయకుడి మొహం కిందివైపు ఉండేలా పరుచుకుంటే సరి, లేకపోతే రాత్రంతా ఆయన మీతోనే.

పాతచైను

ఫ్లెక్సీ బరువు తెలుసా తమ్ముడూ? సన్న బరకం ముక్క చాలు, టెంట్ అడుగు కన్నా నాలుగు వేళ్ళు చిన్నగా కత్తిరించుకోవాలి. పెద్దగా ఉంటే మంచు నీళ్ళు దాని మీద పడి టెంట్ కిందికి చేరతాయి.

ఓరుగల్లు 38

అది నిజమే అన్నా, కత్తిరించే కొలత కరెక్ట్.

సీమ పెడల్

టెంట్ గురించి అందరూ చెప్తున్నారు కాబట్టి నేను తిండి దగ్గరికి వస్తా. గుడ్డు తినని మనిషి ఉన్నాడని భయం వద్దు, మన వంటింట్లో సగం సామాను సైకిల్ మీదికి సరిపోయేదే.

దొడ్డు అటుకులు. వీటికి మంట అక్కర్లేదు, నీళ్ళు చల్లి పది నిమిషాలు ఆగితే చాలు. కుచేలుడు మూట కట్టుకుపోయింది కూడా ఇవే కదా. ఇంట్లోనే పులిహోర పులుసు చిక్కగా కాచి, నూనె పైకి తేలేదాకా ఉడికించి, చల్లారాక మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. నీళ్ళ చుక్క తగలకుంటే ఆ చలిలో వారం దాకా ఏమీ కాదు. నానిన అటుకుల్లో రెండు చెంచాల పులుసు, గుప్పెడు వేయించిన చెనిక్కాయలు కలిపితే అదే రాత్రి భోజనం. స్టవ్ వద్దన్నవాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది. మా వైపు ఉగ్గాని అంటే ప్రాణం కానీ బొరుగులు టూర్‌కి పనికిరావు, అర కిలో బొరుగులకే ఒక పానియర్ నిండిపోతుంది.

లెక్క చూసుకోవాలంటే అటుకులు, బియ్యం, రవ్వ, ఏదైనా 100 గ్రాములకి సుమారు 350 కేలరీలు. చెనిక్కాయలు 100 గ్రాములకి 550 పైన, నెయ్యి 900. కాబట్టి బరువు తగ్గాలంటే బియ్యం తగ్గించి నెయ్యి పెంచండి. చిన్న డబ్బాలో పావుకిలో నెయ్యి పెట్టుకుంటే చలికి గడ్డ కట్టి కారదు కూడా. బెల్లం, చెనిక్కాయల చిక్కీ హ్యాండిల్ బ్యాగులో ఉండాలి, పానియర్ అడుగున కాదు. ఘాట్ మీద ఆకలి అయ్యాక తినడం కాదు, ఆకలి కాకముందే నములుతూ ఉండాలి.

శ్రావణి రైడ్స్

సీమ పెడల్ గారి అటుకులకి నా ఓటు. కానీ లంబసింగి చలిలో, తడి చేతులతో చల్లటి అటుకులు తిని చూడండి, అప్పుడు స్టవ్ విలువ తెలుస్తుంది. పాతచైను గారూ కోపం వద్దు, అందరూ మీలాగా చలిని లెక్కచేయనివాళ్ళు ఉండరు.

నేను చేసేది కిచిడీ ఒక్కటే. ఇద్దరికి 200 గ్రాముల బియ్యం, 100 గ్రాముల పెసరపప్పు. కందిపప్పు వద్దు, కుక్కర్ లేకుండా తొందరగా ఉడకదు, పైగా వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్ళు 96, 97 డిగ్రీలకే మరుగుతాయి, ఇంకా ఆలస్యం. కిటుకు ఏంటంటే మజిలీకి ఇంకా గంట దూరం ఉందనగా బియ్యం, పప్పు కలిపి వెడల్పు మూతి ఉన్న సీసాలో నీళ్ళు పోసి క్యారియర్ మీద కట్టేయాలి. మీరు తొక్కుతుంటే అవి నానతాయి. దిగాక ఒక పొంగు వచ్చి ఐదారు నిమిషాలు కుతకుతలాడితే చాలు, స్టవ్ ఆపేసి మూతపెట్టి తువ్వాలు చుట్టి పావుగంట వదిలేయండి. ఆ వేడికే మగ్గిపోతుంది. గ్యాస్ సగం మిగులుతుంది. పసుపు, జీలకర్ర, ఉప్పు, ఎండుమిరపకాయ ముక్కలు కలిపి ఇంట్లోనే పొట్లాలు కట్టుకోండి, పూటకొకటి. పైన నెయ్యి, పక్కన ఆవకాయ ముద్ద.

పొద్దున్నే అయితే ఉప్మా రవ్వ. ఇంట్లోనే నెయ్యిలో ఎర్రగా వేయించి, పోపు పెట్టి, కరివేపాకు కరకరలాడేదాకా వేయించి, ఉప్పు కలిపి డబ్బాకెత్తుకోవాలి. ఒక కప్పు రవ్వకి రెండున్నర కప్పుల మరిగే నీళ్ళు పోసి మూతపెడితే టెంట్ మడిచేలోపు ఉప్మా రెడీ. ఉప్మా అంటే మొహం తిప్పేవాళ్ళు కూడా ఆ చలిలో గిన్నె గీకి తింటారు.

ఇంకొకటి, ఇది ఆడవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం. బడి వరండా కన్నా, టీచరమ్మ ఇల్లో ఆశా కార్యకర్త ఇల్లో అడిగి వాళ్ళ పెరట్లో టెంట్ వేసుకోవడం నయం. బాత్రూమ్ ఉంటుంది, రాత్రి నిశ్చింతగా నిద్ర పడుతుంది. బడిలో ఉంటే మాత్రం పిల్లలు వచ్చేలోపు ఊడ్చి వెళ్ళండి.

గాజువాక గేర్లు

అక్కా, ఈ సీసాలో నానబెట్టే ఐడియా అదిరింది. ఇంతకీ గ్యాస్ ఎంత పడుతుంది? ఒక డబ్బా చాలా? రెండు రకాల డబ్బాలు కనిపిస్తున్నాయి, మరతో బిగించే పొట్టిది, పొడవాటిది. ఏది తీసుకోవాలి?

గ్రీజు మరక

మరతో బిగించే పొట్టిదే. 230 గ్రాముల డబ్బా ఒకటి తీసుకోండి. గాలి తగలకుండా చూసుకుంటే లీటరు నీళ్ళు మరగడానికి ఇంచుమించు 15 గ్రాములు పడుతుంది, అంటే ఒక డబ్బాకి 15 లీటర్ల దాకా. రోజుకి ఒక కిచిడీ, ఒక ఉప్మా, రెండు టీలు అనుకున్నా మీ టూర్ అయ్యేదాకా వస్తుంది. గాలి ఉంటే మాత్రం రెట్టింపు తాగేస్తుంది, మూడువైపులా పానియర్లు అడ్డం పెట్టండి. నాలుగో వైపు తెరిచే ఉండాలి, చుట్టూ మూసేస్తే డబ్బా వేడెక్కుతుంది, అది ప్రమాదం.

కొనేటప్పుడు డబ్బా మీద ఏం రాసుందో చూడండి. ఒట్టి బ్యూటేన్ అయితే సున్నాకి అర డిగ్రీ కిందే మరుగుతుంది, అంటే బయట ఐదు డిగ్రీలే ఉంటే అది సరిగ్గా ఆవిరి కాదు, లోపల ప్రెషర్ అంతగా ఉండదు, మంట కొడిగడుతుంది. ప్రొపేన్ కలిసినది అయితే ఆ బాధ తక్కువ. లంబసింగి, చింతపల్లిలో డిసెంబర్, జనవరి రాత్రులు కొన్నిసార్లు 5 డిగ్రీల కిందికి పోతాయి కాబట్టి ఇది ఉట్టి థియరీ కాదు. రాత్రి డబ్బాని స్లీపింగ్ బ్యాగులో కాళ్ళ దగ్గర పెట్టుకోండి. పొద్దున మంట రాకపోతే పళ్ళెంలో కాసిని గోరువెచ్చని నీళ్ళు పోసి అందులో నిలబెట్టండి, వేడి నీళ్ళు వద్దు.

టెంట్ లోపల స్టవ్ వెలిగించొద్దు. చలిగా ఉందని, వాన పడుతోందని, ఒక్క టీయే కదా అని, ఏ సాకూ వద్దు. గుడ్డ అంటుకోవడం ఒక ప్రమాదం, అంతకన్నా పెద్దది కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. కుంపటి, బొగ్గులు కూడా అంతే.

ఇంకో సంగతి, అరకు నుంచి రైల్లో దిగిపోదామని మధ్యలో మనసు మారితే గ్యాస్ డబ్బా రైల్లోకి ఎక్కించకూడదు. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. ఎక్కేముందు అక్కడే ఏ టీ కొట్టు ఆయనకో టెంట్లు అద్దెకిచ్చేవాళ్ళకో ఇచ్చేయండి.

పాతచైను

చూశారా, ఒక టీ కోసం ఎంత కథో. డబ్బాని పక్కలో పడుకోబెట్టుకుని జోలపాడాలి. నాకు మన్నెం బాట గారు చెప్పిన సాయంత్రం లెక్క మాత్రం నచ్చింది, ఆ పూటకి అటుకులు చాలు అంటాను. పొద్దున వేడినీళ్ళు కావాలంటే ఏ ఇంటి ముందు చూసినా పొయ్యి మండుతూనే ఉంటుంది, అడిగితే ఇస్తారు. అడగడానికి మొహమాటపడేవాళ్ళకే ఈ సామానంతా.

మన్నెం బాట

ఇస్తారు, నిజమే. కానీ వచ్చిన ప్రతివాళ్ళూ అలాగే అడిగితే కట్టెలు వాళ్ళు అడవి నుంచి మోసుకొచ్చుకున్నవి అన్న సంగతి కూడా గుర్తుండాలి గురూగారూ. ఊరికే తీసుకోకుండా టీపొడో పంచదారో ఇచ్చి రండి. డబ్బులిస్తే కొందరు నొచ్చుకుంటారు, సరుకు ఇస్తే తీసుకుంటారు. సంత రోజు కలిస్తే కూరగాయలు, చిలగడదుంపలు అక్కడే కొనుక్కోండి, కింది నుంచి మోసుకురావద్దు. దుంపలు నిప్పుల్లో కాల్చుకుంటే దాన్ని మించిన రాత్రి తిండి లేదు.

నీళ్ళు కూడా చెప్పాలి. కొండ ఊట నుంచి పైపు వేసి ఊళ్ళోకి తెచ్చిన కుళాయిలు చాలాచోట్ల ఉంటాయి, నీళ్ళు తేటగా ఉంటాయి. మేం తాగుతాం. మీకు అలవాటు లేదు కాబట్టి ఒక నిమిషం తెర్లించి (మరిగించి) తాగండి, లేదంటే క్లోరిన్ బిళ్ళలు వేసుకోండి.

పొటోమాక్ తెలుగు

నేను మేరీలాండ్‌లో ఉంటాను, ఇక్కడి సంగతి చెప్తే పోల్చుకోవడానికి పనికొస్తుందేమో. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా సుమారు 150 మైళ్ళ గ్యాప్ ట్రైల్ అనే సైకిల్ దారి, అక్కడి నుంచి వాషింగ్టన్ డీసీ దాకా సీ అండ్ ఓ కాలువ గట్టు 184.5 మైళ్ళు. రెండింటి మీదా మోటారు బళ్ళు రావు. కాలువ గట్టు పక్కన కొన్ని మైళ్ళకొక ఉచిత క్యాంపు స్థలం, చేతి పంపు, బల్ల, టాయిలెట్ ఉంటాయి. చలికాలంలో పంపు హ్యాండిళ్ళు తీసేస్తారు, అది తెలియకుండా వస్తే నీళ్ళకి అల్లాడాలి. ఇక్కడ స్టవ్ లేకపోతే ఆకలితో పడుకోవాల్సిందే, ఊళ్ళు దారికి దూరంగా ఉంటాయి, ఆరు దాటాక తలుపు కొట్టి అన్నం అడిగే పద్ధతి లేదు. అందుకే స్టవ్ గురించి ఇంటర్నెట్లో చదివే సలహాల్లో చాలామటుకు ఇలాంటి దారుల కోసం రాసినవి. మీకు వాటిలో సగం సామాను అక్కర్లేదు. నేను ఇక్కడ తినేది మాత్రం అన్నం, కందిపొడి, నెయ్యే. ఓట్స్ నా వల్ల కాలేదు.

ఓరుగల్లు 38

తిండి జాబితాలో మా తెలంగాణ నుంచి ఒకటి కలపండి, పేలపిండి. తొలి ఏకాదశికి చేసుకునేదే. జొన్న పేలాలు దంచి బెల్లం, యాలకులు కలిపింది. మంట వద్దు, నానబెట్టే పని లేదు, బరువు లేదు, నాలుగు చెంచాలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగితే గంటన్నర తొక్కొచ్చు. తొక్కుతూ తినకండి, పొలమారుతుంది. ఎండు జొన్నరొట్టెలు కూడా రోజుల తరబడి ఉంటాయి కానీ పానియర్లో పొడైపోతాయి, పళ్ళెం మీద పేర్చి గుడ్డ చుట్టాలి. సకినాలు అయితే అసలు వద్దు, అరకు చేరేసరికి పిండే మిగుల్తుంది.

చలికి మా తాత గొంగడి తీసుకుపోతా అనేవాళ్ళు కూడా ఉన్నారు. వెచ్చదనానికి తిరుగు లేదు, కొంచెం తడిసినా వెచ్చగానే ఉంటుంది. బరువే బాధ. మీ బడ్జెట్‌కి 5 నుంచి 10 డిగ్రీల కంఫర్ట్ రేటింగ్ (ఎంత చలి దాకా హాయిగా నిద్ర పడుతుందో చెప్పే అంకె) ఉన్న స్లీపింగ్ బ్యాగులు చెరొకటి తీసుకుని లోపల పాత కాటన్ దుప్పటిని సంచిలా కుట్టించుకుని దూర్చండి. కింద ఫోమ్ మ్యాట్ ముఖ్యం, చలి పైనుంచి కన్నా నేల నుంచే ఎక్కువ లాగుతుంది. సిమెంటు గచ్చు మీద మరీనూ. గాలి ఊదే మ్యాట్లు మెత్తగా ఉంటాయి కానీ ఒక్క ముల్లు చాలు, ఫోమ్‌కి ఆ గొడవ లేదు.

రాయలు ట్విన్

ఇదే సామానుతో హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళొచ్చా? మధ్యలో అడవిలో ఒక రాత్రి టెంట్ వేసుకోవాలని ఉంది.

గ్రీజు మరక

వెళ్ళొచ్చు, అడవిలో టెంట్ మాట మాత్రం ఎత్తొద్దు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. రాత్రి మన్ననూరులో ఆగి, పొద్దున గేటు తీయగానే బయల్దేరి, చీకటి పడకముందే శ్రీశైలం చేరి సత్రంలో పడుకోవాలి. ఆ దారికి టెంట్ ఇంట్లో పెట్టేసి నీళ్ళ సీసాలు పెంచుకోండి.

గాజువాక గేర్లు

అందరికీ థాంక్స్. ఇప్పటికి అనుకున్నది ఇదీ. రెండు పొరల డోమ్ టెంట్ ఒకటి, స్లీపింగ్ బ్యాగులు రెండు, ఫోమ్ మ్యాట్లు రెండు, చిన్న బర్నర్, ఒక గ్యాస్ డబ్బా, లీటరున్నర గిన్నె ఒక్కటే. లంబసింగి ముందు రాత్రి నర్సీపట్నంలో లాడ్జి. తిండికి అటుకులు, పులిహోర పులుసు, కిచిడీ పొట్లాలు, ఉప్మా రవ్వ, చిక్కీ, పేలపిండి. పాతచైను గారి కోసం ఒక రాత్రి స్టవ్ ముట్టుకోం, ప్రామిస్. సైకిల్ మీద ఇవి ఎలా సర్దాలో ఎవరైనా చెప్పండి. అంతా వెనకే పెడితే ముందు చక్రం ఘాట్లో తేలిపోతుందని మావాడి భయం.

పాతచైను

మీవాడి భయం సగం నిజం. బియ్యం, గిన్నె, టెంట్ కడ్డీల వంటి బరువైనవి పానియర్ అడుగున, ఇరుసుకి దగ్గరగా. స్లీపింగ్ బ్యాగులు తేలిక, వాటిని క్యారియర్ పైన పాత ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో కట్టు, హుక్కుల తాళ్ళు వద్దు, జారి చువ్వల్లో పడతాయి. నీళ్ళు రెండు సీసాలు ఫ్రేము మీద, మ్యాట్ హ్యాండిల్ మీద. వెనక చక్రం చువ్వలు బయల్దేరే ముందు బిగుతు చూపించు, బరువుతో తెగేవి గేర్ల వైపువే, తెలిసిన మెకానిక్ దగ్గర రెండు చువ్వలు స్పేర్ తీసుకుని ఫ్రేముకి టేప్ వేసి అంటించు. మీ సైజు చువ్వలు పాడేరులో దొరకవు. సామానంతా కట్టుకుని ఒకసారి సింహాచలం కొండ ఎక్కి దిగితే ఏది ఊగుతుందో అక్కడే తెలిసిపోతుంది.

అరకు నుంచి ఎస్.కోట దిగేటప్పుడు బ్రేకులు పట్టుకునే ఉండొద్దు, రిమ్ కాలుతుంది. కాసేపు ముందు, కాసేపు వెనక, మధ్యలో ఆగి చెయ్యి పెట్టి చూసుకోండి. కొత్త బ్రేక్ షూలు వేసుకునే బయల్దేరండి.

మన్నెం బాట

మీ దారిలో 516ఈ హైవే పనులు జరిగేచోట్ల దుమ్ము, కంకర ఉంటుంది, మొహానికి తువ్వాలు చుట్టుకోండి. చింతపల్లిలో దిగే రోజు ముందే ఇక్కడ రాయండి, చోటు నేను అడిగి పెడతాను. కిచిడీకి పెసరపప్పు మాత్రం మీరే తెచ్చుకోండి.